ఇంకా వాడుకలో ఉన్న గది

పెద్ద కార్యం అయిన మూడో రోజు పొద్దున సత్యవాణి లేచేసరికి ఇంట్లో నడిమి గది లేదు.

ముందు గది ఉంది. వంటగది ఉంది. నిన్నటిదాకా ఆ రెండిటి మధ్యా పదకొండు అడుగుల గది ఉండేది. అందులో ఆమె భర్త గవర్రాజు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఇప్పుడు ముందు గదిలోంచి ఒక్క అడుగు వేస్తే వంటగది వస్తోంది. గోడకి పగులు లేదు, సున్నం రాలలేదు. బయటికెళ్ళి చూస్తే వీధి కూడా ఆ మేరకు సర్దుకుంది. పక్కింటి అరుగు పదకొండు అడుగులు ఇటు జరిగింది, దాని ముందు ముగ్గు మాత్రం చెరగలేదు.

'పోనీలే, ఊడ్చే పని తగ్గింది' అనుకుని ఉప్మాకి ఎసరు పెడుతుంది సత్యవాణి.

ఆమెకి పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. ఆ గదిని ఆమే సర్దింది. గవర్రాజు పోయిన మర్నాటి నుంచి మొదలుపెట్టి, బాగుచేయడానికొచ్చిన మిషన్లు ఎవరివి వాళ్ళకి పంపించేసింది. పనిముట్ల పెట్టె జగన్నాథపురంలో ఇంకో మెకానిక్‌కి ఇచ్చేసింది. చొక్కాలు, చెప్పులు, కళ్ళజోడు, నులకమంచం, నూనె డబ్బా, అన్నీ వెళ్ళిపోయాయి. నిన్న సాయంత్రం నేలని ఫినాయిల్‌తో మూడుసార్లు కడిగింది. వాడుకున్నది వాడుకున్నచోట సర్దెయ్యాలన్నది ఆమె పద్ధతి. ఆ పద్ధతి ఆఫీసులోనూ అంతే, ఇంట్లోనూ అంతే. దుఃఖాన్ని కూడా అలాగే చూసింది. పూర్తిగా కడిగేస్తే ఆరిపోతుందనుకుంది.

అత్తగారు మంగాయమ్మ వచ్చి గోడని అరచేత్తో తడుముతూ నిలబడుతుంది.

"గది ఏదమ్మా?"

"సర్దేశాను అత్తయ్యగారూ."

"సర్దితే సర్దావులే. నేనింకా అందులోంచి లేవలేదు కదమ్మా" అంటుంది మంగాయమ్మ. కోపంగా అనదు. బస్సు ఇంకా కదల్లేదు కదా అన్నట్టు అంటుంది.

సత్యవాణి ఆమెని కిందనుంచి పైదాకా చూస్తుంది. మంగాయమ్మ వంటగదిలోనే ఉంది. కాళ్ళు నేలమీదే ఉన్నాయి. కానీ ఆమె మాట మాత్రం గోడ లోపలి నుంచి వస్తోంది, దుప్పటి ముసుగులోంచి వచ్చినట్టు.

పదకొండేళ్ళ ఇందుజ బడికి తయారై వస్తుంది. దాని తలకి ఒక్క జడే ఉంది, కుడివైపుది. ఎడమ జడ రోజూ వాళ్ళ నాన్న వేసేవాడు. కుడిది అమ్మ వేస్తుంటే ఎడమది ఆయన అందుకునేవాడు, మిషన్ బెల్టు బిగించినట్టు బిగించేవాడు, అదెప్పుడూ కుడిదానికంటే అంగుళం పొట్టిగా ఉండేది. సత్యవాణి దువ్వెన తీసుకుని ఎడమవైపు జుట్టు పాయలు చేస్తుంది. పాయలు చేతిలోంచి జారిపోతాయి. మళ్ళీ చేస్తుంది, మళ్ళీ జారిపోతాయి. నీళ్ళకి జడ వేసినట్టుంది.

"వదిలెయ్యమ్మా. ఆ జడ గదిలో ఉండిపోయింది" అంటుంది ఇందుజ. పుస్తకాల సంచీ తగిలించుకుని ఒంటిజడతో బడికి వెళ్తుంది. ఎవరూ అదేమిటని అడగరు.

సత్యవాణి ఆఫీసుకి వెళ్తుంది. కాకినాడ మెయిన్ రోడ్డు వెనక వీధిలో, బైండింగ్ షాపు మీద మూడు గదుల కంపెనీ. రొయ్యల చెరువులు చూసుకునే ప్రోగ్రాములు రాస్తారక్కడ. నీళ్ళలో ఉప్పు చూసే ప్రోగ్రాం ఒకటి, ప్రాణవాయువు కొలిచేది ఒకటి, చెరువులో గాలిచక్రాలు తిప్పేది ఒకటి. మూడూ కలిసి వాడుకునే పనులన్నీ ఒకచోట పెట్టి సి భాషలో ఒక లైబ్రరీ రాసింది సత్యవాణి. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. పదిమంది వాడుకునే ఉమ్మడి గది లాంటిది. మొదట వచ్చినవాళ్ళు 'ఇనిట్' అని పిలిస్తే తలుపులు తెరుచుకుంటాయి, దీపం వెలుగుతుంది, చెరువుతో మాట కలుస్తుంది. పనయ్యాక 'క్లీనప్' అని పిలిస్తే అన్నీ ఆర్పేసి, తీసుకున్న జాగా అంతా తిరిగి ఇచ్చేసి, నేల తుడిచేస్తుంది. ఆ క్లీనప్ అంటే ఆమెకి గర్వం. వెనకాల ఒక్క పూచికపుల్ల కూడా మిగల్చదు.

ఆమె కుర్చీలో కూర్చోకముందే ఫోన్ మోగుతుంది. తాళ్ళరేవు అవతల ఎనిమిది చెరువులు చేస్తున్న నూకరాజు.

"అమ్మా, చక్రాలు ఆగిపోయాయి. మబ్బు పట్టుంది, గాలాడట్లేదు."

"రొయ్యలు ఎలా ఉన్నాయండీ?"

"గట్టెక్కి కూర్చున్నాయమ్మా. వరసగా. మీసాలు ముడుచుకుని నీళ్ళకేసి చూస్తన్నాయి. ఏవీ అనట్లేదు. అదే నాకు కష్టంగా ఉంది, తిడితే బాగుండును."

"ఎంతసేపు కూర్చోగలవు?"

"మధ్యాన్నం దాకా మర్యాదగానే కూర్చుంటాయి. ఆపైన ఎండిపోతాయి. నా పెళ్ళాం బిందెతో నీళ్ళు చల్లుతోంది, ఎన్నని చల్లుద్ది? లక్షలు."

సత్యవాణి ఫోన్ పెట్టేసి తెర వెలిగిస్తుంది. పక్క బల్ల దగ్గర ఖుద్దూస్ గారు ముక్కుమీదికి కళ్ళజోడు జార్చి అప్పటికే చూస్తున్నారు. ఈ కంపెనీలో అందరికంటే పెద్దాయన. కోడ్‌ని వేలితో తాకుతూ చదువుతారు, తెర అక్కడక్కడా అరిగిపోయింది.

"అమ్మాయ్, నీ క్లీనప్ చాలా శుభ్రంగా ఉంది" అంటారాయన. "ఇబ్బంది అదే."

"శుభ్రంగా ఉంటే ఇబ్బందేమిటి సార్?"

"ఉప్పు చూసే ప్రోగ్రాంకి పనైపోయింది. వెళ్తూ వెళ్తూ క్లీనప్ పిలిచింది, నువ్వు నేర్పినట్టే. అంతా ఊడ్చేసి పోయింది. చక్రాలు తిప్పేది ఇంకా లోపలే ఉంది కదమ్మా."

"వాడుకున్నవాళ్ళు సర్దొద్దా మరి?"

"సర్దాలి. ఎవరు? ఆఖరున లేచేవాళ్ళు."

"ఆఖరున లేచేదెవరో ఎలా తెలుస్తుంది?"

ఖుద్దూస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. "మనం ఎవరింటికైనా వెళ్తే చెప్పి వస్తాం, చెప్పి వెళ్తాం. వెళ్తాను అని కూడా అనం, వెళ్ళొస్తానంటాం. వచ్చినవాళ్ళకొక గీత గియ్యి. వెళ్ళొస్తానన్నవాళ్ళ గీత చెరుపు. గీతలన్నీ చెరిగిననాడు దీపం ఆర్పు. అంతకంటే ముందు చీపురు ముట్టుకోకు."

సత్యవాణి కోడ్ తెరుస్తుంది. ఇనిట్‌కీ క్లీనప్‌కీ మధ్య రెండు ఖాళీ వరుసలు ఉండాలి. ఇప్పుడవి నాలుగున్నాయి. చూస్తుండగా పన్నెండవుతాయి. తెర కిందికి జారుతున్నకొద్దీ ఖాళీ పెరుగుతోంది, దానిలోంచి మిషన్ నూనె వాసన వస్తోంది. ఆమె ఖాళీలో గీతల లెక్క రాయబోయి చెయ్యి పెడుతుంది. వేళ్ళకి చల్లగా ఇనుప గడియ తగులుతుంది.

"సార్, ఇక్కడ తలుపుంది."

"ఉంటుంది. తెరిచే ముందు చెప్పి వెళ్ళు" అంటారు ఖుద్దూస్ గారు.

"వెళ్ళొస్తాను సార్" అని చెప్పి, గడియ తీసి, తెరలోకి అడుగు పెడుతుంది సత్యవాణి.

అది వాళ్ళింటి నడిమి గది. నీలం సున్నం అదే, కిటికీకి విరిగిన చువ్వ అదే. పొడుగు మాత్రం పెరిగింది, పక్క గోడలు నడుమ దగ్గర నిండు చూలాలిలా ఉబ్బాయి, అవతలి గోడ దగ్గర మనుషులు బొటనవేలంత కనిపిస్తున్నారు. గది నిండా ఆడవాళ్ళు కుట్టుమిషన్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎవరూ కుట్టడం లేదు. పాదాలు మాత్రం మెల్లగా తొక్కుతున్నారు. ఆ తొక్కుడుకే దూరంగా మూలన చెరువు చక్రం ఒకటి అరకొరగా కదులుతోంది, తిరగలేక, ఆగలేక.

తలుపు దగ్గరే కూర్చున్న పెద్దావిడని సత్యవాణి గుర్తుపడుతుంది. జాకెట్లు కుట్టే చిట్టెమ్మ. ఆవిడ మిషన్ని సత్యవాణే తన చేతులతో రిక్షా ఎక్కించి పంపించింది.

"మీరేంటండీ ఇక్కడ?"

"మీ ఆయన మాట ఒకటుందమ్మా నా దగ్గర" అంటుంది చిట్టెమ్మ. "'దారం తెగితే మిషన్ని తిట్టకండి, సూదిని చూడండి' అనేవాడు. మా కోడలితో మాటామాటా వచ్చినప్పుడల్లా అదే వాడుకుంటాను. ఇంకా పనైపోలేదు."

చిట్టెమ్మ పక్కావిడ ఆయన ఈల వాడుకుంటోంది, వాళ్ళ మనవడు ఆ ఈలకి తప్ప నిద్రపోడు. ఇంకొకావిడ ఆయన నవ్వు వాడుకుంటోంది. అది ఆవిడ మొహానికి కొంచెం వదులుగా ఉంది, అయినా బాగుంది. సత్యవాణి దాటుకుంటూ వెళ్తుంటే అందరూ పాదాలు ఆపకుండానే మోకాళ్ళు జరిపి దారిస్తారు.

గది నడుమ నులకమంచం. దానిమీద మంగాయమ్మ కూర్చుని ఉంది, ఇంట్లో ఉన్న మంగాయమ్మకి మిగతా సగం. ఇక్కడ గొంతు స్పష్టంగా ఉంది. ఆమె ఒళ్ళో ఇందుజ ఎడమ జడ ఉంది, రిబ్బను కట్టి, అంగుళం పొట్టిగా. అది జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఉంది.

"వచ్చావా" అంటుంది మంగాయమ్మ. "ఆవిడకి కాస్త చెప్పమ్మా. మేం చెప్తే వినట్లేదు."

అటు చూస్తే గోడవారగా ఒకామె ఊడుస్తోంది. సత్యవాణి వయసే. గంజి పెట్టిన చీర, కొంగు బొడ్లో దోపింది, తల ఎత్తదు. చీపురు పడిన చోట నేల ఉండటం లేదు. గచ్చు కాదు, మట్టి కాదు, చీకటి కూడా కాదు, అక్కడ ఏదో ఉండేదన్న గుర్తు కూడా మిగలడం లేదు. చీపురు మంచం దగ్గరికొచ్చింది. ఒక కోడు అప్పటికే పోయింది. మంగాయమ్మ మిగిలిన మూడు కోళ్ళమీద ఒద్దికగా సర్దుకుని కూర్చుంది.

"ఆగండమ్మా" అంటుంది సత్యవాణి.

ఆమె తలెత్తుతుంది. "నేను ఉప్పు చూస్తాను. నా పనైపోయింది. వెళ్తూ సర్దుతున్నాను."

"లోపల మనుషులున్నారు."

"నాకు కనిపించరు. నేను నా పనే చూస్తాను. పనైతే సర్దమన్నారు మీరు." ఆమె గొంతులో తప్పు చేసిన బెదురు లేదు, బాగా చదివిన పిల్ల పాఠం ఒప్పజెప్పినట్టుంది. "పూచికపుల్ల మిగల్చొద్దన్నారు. నేను మిగల్చను. ఎంత కష్టమైనా మిగల్చను."

సత్యవాణి ఆమె చేతులు చూస్తుంది. ఫినాయిల్‌కి తెల్లబడి, వేళ్ళ కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. ఈ పదిహేను రోజుల్లో తన చేతులూ అలాగే పగిలాయి. ఎవరూ చూడలేదు, తను కూడా చూసుకోలేదు. ఆమెకి కోపం రాదు. దగ్గరికెళ్ళి చీపురు మీద చెయ్యి వేస్తుంది.

"నేను తప్పు నేర్పానమ్మా. అది ఒక్కరే ఉండే గదికి పనికొచ్చే మాట. ఇది ఉమ్మడి గది."

"మరి నేనేం చెయ్యను? సర్దకుండా ఎలా వెళ్ళను? నాకింకేమీ రాదే."

"చెప్పి వెళ్ళు. చాలు."

"ఏమని?"

"వెళ్ళొస్తానని."

ఆమె ఆ మాటని నోట్లో కాసేపు తిప్పుకుంటుంది, కొత్త పళ్ళు పెట్టించుకున్నవాళ్ళలా. "వెళ్ళొస్తాను" అంటుంది చివరికి. చీపురు సత్యవాణి చేతికిచ్చి, కొంగు బొడ్లోంచి తీసి, భుజాలు దించుకుని నడిచిపోతుంది. తలుపు దాటుతుంటే ఆమె ఏడుస్తోందో తేలికపడిందో వెనకనుంచి తెలియదు. గది అలాగే ఉంటుంది. మంచం నాలుగో కోడు మెల్లగా తిరిగొచ్చి నేలని తాకుతుంది.

మూలన చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. తర్వాత ఇంకొకటి.

చిట్టెమ్మ పెట్టెలోంచి సుద్దముక్క తీసిస్తుంది, గుడ్డమీద కొలతలు గీసుకునేది. సత్యవాణి ఈ చివరినుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి దగ్గరా ఆగుతుంది. పేరడుగుతుంది, ఏం వాడుకుంటున్నారో వింటుంది, గోడమీద గీత గీస్తుంది. చాలాసేపు పడుతుంది. ఒకావిడ దగ్గర గవర్రాజు తుమ్ము ఉంది. ఒకావిడ దగ్గర ఆయన ఒకసారి ఇస్తానని మర్చిపోయిన గొడుగు ఉంది, ఆ మర్చిపోవడాన్నే ఆవిడ వాడుకుంటోంది. సత్యవాణికి వీటిలో సగం తెలియదు. పదమూడేళ్ళు కాపురం చేసిన మనిషి ఇంతమందిలో ఇంతగా ఉన్నాడని తెలియదు. ఇదంతా ఫినాయిల్ వేసి కడిగేసిందా తను? తర్వాతి గీత ఇంకాస్త నొక్కి గీస్తుంది.

మంగాయమ్మకొక గీత. ఇందుజకొక గీత. చక్రం తిప్పే ప్రోగ్రాం సన్నగా, సిగ్గుగా ఉన్న మనిషి, ఒళ్ళంతా తడిసి ఉన్నాడు. ప్రాణవాయువు కొలిచేవాడు అతని నాడి పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళకి రెండు.

"అయిపోయాయి అత్తయ్యగారూ. అందరికీ గీశాను."

"నీది?"

"నేనేం వాడుకోవట్లేదు. నావన్నీ ఇచ్చేశాను కదా."

మంగాయమ్మ మంచం మీదనుంచి ఆమెని ఓపిగ్గా చూస్తుంది. "మరి అలా నిలబడ్డావేమమ్మా?"

సత్యవాణి తనని తాను చూసుకుంటుంది. గోడవారగా నిలబడి ఉంది. కుడిపక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. గదిలో అంత ఇరుకున్నా, మోకాళ్ళు తగిలించుకుని కూర్చున్న ఇంతమంది ఆడవాళ్ళూ ఆ చోటు మాత్రం వదిలి కూర్చున్నారు.

గవర్రాజుకి కుడిచెవి వినపడేది కాదు. మిషన్ల చప్పుడుకి పెళ్ళికి ముందే పోయింది. అందుకని ఆమె ఎప్పుడూ ఆయనకి ఎడమవైపు నడిచేది, ఆ చెవిలో మాట్లాడేది. ఈ పొద్దున ఆఫీసుకి వస్తూ కూడా కాలవ అంచున నడిచింది, కుడివైపు ఒక మనిషికి దారి వదిలి. సైకిలువాడు బెల్లు కొడితే తను పక్కకి జరగలేదు, ఆయన్ని ఇటు లాగబోయింది.

"వాడుకుంటున్నావు కదమ్మా" అంటుంది మంగాయమ్మ. "మాకంటే ఎక్కువే వాడుకుంటున్నావు."

సత్యవాణి సుద్ద ఎత్తుతుంది. తన గీత గీయడానికి చాలా బలం కావలసి వస్తుంది, గోడ ఇనుపదైనట్టు. గీత పూర్తయ్యేసరికి కళ్ళలోంచి కారడం మొదలవుతుంది. అది నీళ్ళు కాదు. పల్చగా, బంగారం రంగులో, మిషన్ నూనె. చుక్క చుక్కగా గడ్డం మీదుగా జారుతుంది. పదిహేను రోజులుగా రానిది ఇప్పుడు ఆగకుండా వస్తుంది. చిట్టెమ్మ లేచి వచ్చి ఒక చుక్క వేలికొసన తీసుకుని తన మిషన్ ఇరుసులో వేస్తుంది. తర్వాత పక్కావిడ వస్తుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆమె చెంపని ఇలా తాకి, అలా వెళ్తారు. ఎవరూ ఊరుకోమ్మా అనరు. ఊరుకుంటే ఎలా, ఇంకా చాలా మిషన్లున్నాయి.

మిషన్లన్నీ ఒక్కసారిగా నడుస్తాయి. చక్రం జోరందుకుంటుంది.

తలుపు సందులోంచి ఖుద్దూస్ గారు తల పెడతారు. "నూకరాజు ఫోన్ చేశాడమ్మా. చక్రాలు ఎనిమిది చెరువుల్లోనూ తిరుగుతున్నాయట. రొయ్యలు లేచి, మీసాలు దులుపుకుని, తోసుకోకుండా దిగాయట. అన్నీ వెళ్ళొస్తామని చెప్పాయట. అతను, వాళ్ళావిడా గట్టుమీద నిలబడి మంచిదమ్మా, మంచిదమ్మా అని చెప్పలేక చస్తున్నారు, లక్షలు కదా."

"ఏమైనా చచ్చిపోయాయా సార్?"

"లేదట. రావయ్యా అని పిలిస్తే కూడా గట్టుమీదే కూర్చున్నది ఒకటుందట. దానికి గాలి బావుందట." ఆయన గది చుట్టూ చూసి, చెప్పులు బయట విడిచి లోపలికి వస్తారు. "నాక్కూడా ఒక గీత గియ్యి. నా కళ్ళజోడు కాడ విరిగితే మీ ఆయనే మిషన్ మర పెట్టి బిగించాడు. దాంతోనే చదువుతున్నాను."

బడి విడిచిన వేళకి ఇందుజ అవతలి గుమ్మంలోంచి, వాళ్ళింటి ముందు గది వైపునుంచి వస్తుంది. సంచీ దించి, నాయనమ్మ దగ్గరికెళ్ళి వీపు తిప్పి కూర్చుంటుంది. మంగాయమ్మ ఒళ్ళో ఉన్న జడని సత్యవాణికి అందిస్తుంది. ఆమె దాన్ని కూతురి ఎడమచెవి వెనక ఆనిస్తుంది. జుట్టు జుట్టుని గుర్తుపట్టి పట్టుకుంటుంది. అంగుళం పొట్టిగానే ఉంది. సత్యవాణి దాన్ని సరిచేయదు.

"అమ్మా, ఈ గది మళ్ళీ ఎప్పుడు సర్దేస్తావు?"

"ఆఖరున లేచేవాళ్ళు లేచాక."

"నేను లేవకపోతే?"

"కూర్చో. ఎవరు లెమ్మన్నారు?"

ఇందుజ ఆ జవాబుని కాసేపు తూచి చూసుకుని, సరే అన్నట్టు తలూపి, లెక్కల పుస్తకం తీస్తుంది.

అప్పుడు గది ఒకసారి మూలుగుతుంది. నాలుగు గోడలూ లోపలికి పీల్చుకుని బయటికి వదులుతాయి. దూలాలు చెమరుస్తాయి. మిషన్లు ఆగుతాయి. మంగాయమ్మ మంచం దిగి, గోడమీద చెయ్యి వేసి, నాడి చూసినట్టు చూసి, "నెలలు నిండాయర్రా, జరగండి జరగండి" అంటుంది. ఆడవాళ్ళందరూ మిషన్లు వెనక్కి లాక్కుని నడిమి జాగా వదులుతారు. ఖుద్దూస్ గారు మర్యాదగా అటు తిరిగి నిలబడతారు.

చాలాసేపు పట్టదు. గది ఒక చిన్న గదిని ఈనుతుంది.

అది దూడంత ఉంది. నాలుగు గోడలు, ఒక కప్పు, ఒక బుల్లి కిటికీ. ఒళ్ళంతా తడి, సున్నం ఇంకా పచ్చి. లేవబోయి ముందు మూలలు మడుచుకుని పడుతుంది. మళ్ళీ లేస్తుంది, నాలుగు మూలలూ వణుకుతుండగా నిలబడుతుంది. కిటికీ రెక్కలు రెండుసార్లు ఆడిస్తుంది. పెద్ద గది కప్పు వంచి దాని నెత్తిన వెచ్చగా ఊదుతుంది.

"చూస్తారేమర్రా, తుడవండి దాన్ని, చలేస్తుంది" అంటుంది మంగాయమ్మ.

సత్యవాణి కొంగు విప్పి, మోకాళ్ళమీద కూర్చుని, ఆ చిన్న గోడల్ని ఒత్తకుండా తుడుస్తుంది. అది బెదరదు. ఆమె భుజానికి ఆనుకుని నిలబడుతుంది. దాని కప్పు ఇటుకపెళ్ళ వాసన, పాల వాసన వేస్తోంది. ఆమె చెవి దాని తడిగోడకి ఆనించి వింటుంది. లోపల చాలా చిన్నగా, ఇంకా ఎవరూ కాని ఒకరు, నిద్రలేచి గడియ తీస్తున్నారు.